అణు ఇంధనం మనమే చేసుకుంటున్నాం కదా, మరి యురేనియం దిగుమతి ఎందుకు?

ప్రశ్న ఇది: "రియాక్టర్లకి కావలసిన ఇంధనం హైదరాబాద్‌లోనే తయారవుతుందని చదువుకున్నాం. కజకిస్తాన్ నుంచి, కెనడా నుంచి యురేనియం కొంటున్నామని పేపర్లో వస్తుంది. రెండిట్లో ఏది నిజం? స్వయం సమృద్ధి అన్నది మాట వరసకేనా? ఇంకో సంగతి, మా నాన్నగారు కుషాయిగూడ వైపు ఇల్లు చూస్తున్నారు. ఆ ఫ్యాక్టరీ పక్కన ఉండొచ్చా?"

రెండూ నిజమే. ఊళ్లో రైస్ మిల్లు ఉంది. మర ఆడించడంలో దానికి వంక పెట్టడానికి లేదు. కానీ ఊరి వడ్లు మిల్లుకి చాలడం లేదు, పక్క జిల్లా నుంచి తెప్పించుకుంటున్నాం. మన అణు ఇంధనం పరిస్థితి సరిగ్గా ఇదే. తయారీ పూర్తిగా మన చేతిలో ఉంది. ముడి యురేనియం సగమే మన చేతిలో ఉంది. ఇక ఎన్‌రిచ్ చేసిన, అంటే మండే రకం పాలు పెంచిన, యురేనియం కావలసిన రియాక్టర్ల విషయంలో మనం ఇప్పటికీ బయటివాళ్ల మీదే ఆధారపడ్డాం. ఈ మూడింటినీ కలిపి ఒకే మాటగా చెప్పడం వల్లే ఇంత గందరగోళం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంధన తయారీలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం పెల్లెట్ల, అంటే యురేనియం బిళ్లల, తనిఖీలోనే గడిచింది. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఇప్పటికే బయట ప్రచురణల్లో ఉన్నవి, లేదా వాటి మీద నేను వేసిన లెక్కలు.

ముందు రియాక్టర్ల సంగతి. మన దేశంలో ఎక్కువ భాగం భారజల రియాక్టర్లు. కైగా, కల్పాక్కం, నరోరా, కాక్రపార్, రావత్‌భాట, తారాపూర్‌లోని 3, 4 యూనిట్లు అన్నీ ఈ కోవలోవే. వీటికి భూమిలో దొరికిన యురేనియం దొరికినట్టే సరిపోతుంది. సహజ యురేనియంలో మండే రకం, అంటే యురేనియం-235, వెయ్యి పాళ్లలో ఏడు పాళ్లే ఉంటుంది. మామూలు నీళ్లతో నడిచే రియాక్టర్లకి ఇది చాలదు, దాన్ని 3 నుంచి 5 శాతం దాకా పెంచాలి. ఆ పెంచే పనిని పెద్ద ఎత్తున చేసే కర్మాగారం మనకి లేదు కాబట్టే మొదట్లోనే భారజలం దారి పట్టాం. మణుగూరులో అంత పెద్ద భారజల కర్మాగారం ఎందుకుందని చాలామంది అడుగుతుంటారు. కారణం ఇదే. యురేనియం మండేది న్యూట్రాన్లు తగిలితేనే. ఇంధనంలో లేని బలాన్ని, ఆ న్యూట్రాన్లని వృథా చేయని భారజలంతో సర్దుకుంటాం.

ఇప్పుడు బండిల్, అంటే ఇంధనం కట్ట. 220 మెగావాట్ల రియాక్టర్‌లో ఇంధనం పెట్టే చానళ్లు 306 ఉంటాయి, ఒక్కో చానల్‌లో 12 బండిళ్లు, మొత్తం 3,672. బండిల్ పొడవు అరమీటరు. పెల్లెట్లు నింపిన 19 సన్నటి గొట్టాలని రెండు చివర్లా పలకలతో కలిపి అతికిన కట్ట అది. బరువు పదహారు, పదిహేడు కిలోల మధ్య ఉంటుంది. చూడ్డానికి చిన్నది, ఎత్తితే చెయ్యి లాగేస్తుంది, యురేనియం అంత బరువు. అందులో అసలు యురేనియం 13 కిలోల పైచిలుకు.

ఆ ఒక్క బండిల్ రియాక్టర్‌లోంచి బయటికి వచ్చేలోగా దాదాపు 6 లక్షల యూనిట్ల కరెంటు ఇస్తుంది. నెలకి 200 యూనిట్లు వాడే ఇళ్లు 250 అనుకుంటే వాటికి ఏడాది పొడవునా సరిపోతుంది. అదే కరెంటు బొగ్గుతో తీయాలంటే 400 టన్నుల బొగ్గు కావాలి. రియాక్టర్ పూర్తి సామర్థ్యంతో నడుస్తుంటే రోజుకి ఎనిమిది బండిళ్లు మార్చాల్సి వస్తుంది. రియాక్టర్ ఆపనక్కర్లేదు, నడుస్తుండగానే ఒక చివర కొత్తవి తోస్తే రెండో చివర పాతవి బయటికొస్తాయి. కైగా 1వ యూనిట్ 2018 డిసెంబర్ 31న ఆపేసరికి 962 రోజులు ఏకబిగిన నడిచింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ రోజులన్నీ దానికి పెట్టింది స్వదేశీ యురేనియంతో చేసిన బండిళ్లనే. ఆ వార్త వచ్చిన రోజు నా పాత సహోద్యోగులు చాలామంది ఫోన్లు చేశారు. వేల బండిళ్లు వరసగా వెళ్లాలి, ఒక్కటి లీకైనా దాన్ని వెతికి తీయాలి. ఆ రికార్డు వెనక ఎంతమంది పనితనం ఉందో అందులో ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

తయారీ ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, మనం నిజంగా సాధించింది అక్కడే ఉంది.

గని దగ్గర నుంచి వచ్చేది ఎల్లో కేక్, అంటే రాయిలోంచి లాగిన ముడి యురేనియం. జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి ఒక రూపంలో, మన కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి ఇంకో రూపంలో వస్తుంది. హైదరాబాద్‌లో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో, మనవాళ్లు ఎన్ఎఫ్‌సీ అంటారే అక్కడ, దాన్ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగిస్తారు. కిరోసిన్ లాంటి ద్రావకంలో ఒక రసాయనం కలిపి, దాంతో యురేనియాన్ని మాత్రమే లాగేసి మలినాలని వెనక వదిలేస్తారు. తర్వాత అమ్మోనియా తగిలిస్తే పసుపు ముద్ద అడుక్కి దిగుతుంది. దాన్ని వేడి చేస్తే నల్లబడుతుంది. హైడ్రోజన్‌లో మళ్లీ కాలిస్తే ముదురు గోధుమ రంగు పొడి మిగులుతుంది. అదే యురేనియం డయాక్సైడ్. కొత్తగా చేరినవాళ్లు అది ఏ దశలో ఉందో రంగు చూసి పట్టేయడం నేర్చుకుంటారు.

శుద్ధి అనగానే బంగారం శుద్ధి లాంటిదనుకోకండి, దీని లెక్క వేరు. బోరాన్, కాడ్మియం, గాడోలినియం లాంటివి న్యూట్రాన్లని మింగేస్తాయి. సహజ యురేనియంతో నడిచే రియాక్టర్‌కి న్యూట్రాన్లు లెక్కగా సరిపోతాయి, అంతకు మించి ఉండవు. అందుకని వీటిలో కొన్ని పది లక్షల్లో ఒక వంతు కూడా ఉండకూడదు.

ఆ పొడిని ప్రెస్‌లో నొక్కితే పెల్లెట్ అవుతుంది. అప్పటికది చాక్‌పీస్ లాగా పెళుసుగా ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. దాన్ని హైడ్రోజన్ నిండిన కొలిమిలో 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కుమ్మరి ఆవంలో కుండ గట్టిపడినట్టే ఇదీ గట్టిపడుతుంది, దాంతోపాటు బాగా కుంచించుకుపోతుంది. లోపలికి వెళ్లిన సైజు వేరు, బయటికొచ్చిన సైజు వేరు. పొడి గుణం కాస్త అటూ ఇటూ అయినా కుంచించుకునే తీరు మారిపోతుంది. తర్వాత సానపట్టి మైక్రాన్ల లెక్కలో వ్యాసం సరిచేస్తారు. చివరికి చేతికొచ్చేది ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు మందం ఉన్న నల్లటి మెరిసే బిళ్ల. వేలి కొన మీద పెట్టుకోవచ్చు.

నేను చేరిన కొత్తలో జరిగింది ఒకటి చెప్తాను. ట్యూబ్‌లైట్ కింద పొడవాటి ట్రేలో పెల్లెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. మా సీనియర్ ఒకాయన గ్లవ్స్ వేసుకున్న వేళ్లతో ఒకదాన్ని తీసి నా ముందు పెట్టి "ఏమోయ్, దీన్ని పాస్ చేస్తావా?" అన్నారు. తిప్పి తిప్పి చూశాను. అంచు విరగలేదు, గుంట లేదు, మెరుపు బాగుంది. "బాగానే ఉంది సార్" అన్నాను. ఆయన దాని మీద ఒక చుక్క ఆల్కహాల్ వేశారు. తడి ఆరిపోతోంది. అంతా ఆరాక కూడా ఒక్కచోట వెంట్రుక అంత సన్నటి గీత తడిగా, నల్లగా మిగిలింది. చీలిక. "ఇది లోపలికెళ్లాక ఏమవుద్దో తెలుసా?" అని అడిగి, ఆయనే చెప్పారు. వేడికి పెల్లెట్ ఉబ్బుతుంది, చీలిన చోట, అంచు ఊడిన చోట గొట్టం గోడ మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. ఆ గోడ మందం అరమిల్లీమీటరు కూడా లేదు. అది పగిలితే లోపలి వాయువులు, అయోడిన్ నీళ్లలో కలుస్తాయి. అక్కడెక్కడో రియాక్టర్‌లో వాళ్లకి టెన్షన్, ఏ చానల్‌లో లీకుందో వెతకాలి. ఇదంతా నేను ఇక్కడ పది సెకన్లు సరిగ్గా చూడనందువల్ల. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ పెల్లెట్‌నీ ఆదరాబాదరాగా చూడలేదు.

గొట్టం గురించి కూడా చెప్పాలి, చాలామంది యురేనియం గురించే మాట్లాడి దీన్ని వదిలేస్తారు. ఆ గొట్టం జిర్కోనియం మిశ్రమంతో చేస్తారు. జిర్కోనియం న్యూట్రాన్లని దాదాపు ముట్టుకోదు. కానీ ప్రకృతిలో ఎప్పుడూ హాఫ్నియం అనే తోబుట్టువుతో కలిసే ఉంటుంది, ఆ హాఫ్నియం న్యూట్రాన్లని విపరీతంగా మింగుతుంది. రసాయనంగా రెండూ కవలల్లాంటివి, విడదీయడం మహా కష్టం. కేరళ, తమిళనాడు, ఒడిశా తీరాల్లో ఇసుక నుంచి తీసిన జిర్కాన్‌తో మొదలుపెట్టి, హాఫ్నియం వేరు చేసి, మెగ్నీషియంతో స్పంజి లోహం తీసి, వాక్యూమ్ కొలిమిలో కరిగించి, సాగదీసి అతుకు లేని సన్నటి గొట్టంగా మార్చేదాకా అంతా మన దగ్గరే జరుగుతుంది. ఒక చివర ఇసుక, ఇంకో చివర పూర్తయిన బండిల్, రెండూ ఒకే దేశంలో ఉన్నవి ప్రపంచంలో బహు తక్కువ. నన్నడిగితే మనవాళ్లు గర్వపడాల్సింది యురేనియం పెల్లెట్ కంటే ఈ గొట్టాన్ని చూసి.

ఇదంతా నేర్చుకోక తప్పని పరిస్థితి కూడా వచ్చింది. రావత్‌భాటలో మొదటి రియాక్టర్ కెనడా సాయంతో కట్టింది. దాని మొదటి విడత ఇంధనంలో సగం కెనడాది, మిగతా సగం ముంబైలోని ట్రాంబే అణు కేంద్రంలో మనవాళ్లు చేసింది. 1974లో పోఖ్రాన్ పరీక్ష జరగగానే కెనడా సాయం ఆపేసింది. అప్పటికే బ్రహ్మ్ ప్రకాశ్ గారి లాంటి లోహ శాస్త్రవేత్తలు ట్రాంబేలో వేసిన పునాది ఉంది, హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ లేచింది. ఆ రెండూ లేకపోయి ఉంటే రియాక్టర్లు కట్టుకుని ఖాళీగా చూస్తూ కూర్చునేవాళ్లం.

అంత చేసినా వడ్లు తక్కువే అన్నాను కదా, ఆ కథ 2007, 2008 ప్రాంతంలో బయటపడింది. కొత్త రియాక్టర్లు వచ్చాయి, గనులు ఆ వేగంతో రాలేదు. 2008-09లో మన అణు కేంద్రాలు సామర్థ్యంలో సగం దగ్గరే నడిచాయి. యంత్రాలు బాగున్నాయి, మనుషులున్నారు, పెట్టడానికి ఇంధనం లేదు. రియాక్టర్‌ని కావాలని తక్కువ పవర్‌లో నడపడం అందులో పనిచేసేవాళ్లకి ఎంత బాధో చెప్పలేను. 2008లో అణు సరఫరా దేశాల బృందం మనతో అణు వ్యాపారం మీద ఉన్న ఆంక్షల నుంచి మినహాయింపు ఇచ్చాక రష్యా, ఫ్రాన్స్, కజకిస్తాన్, తర్వాత కెనడా, ఉజ్బెకిస్తాన్ నుంచి యురేనియం రావడం మొదలైంది. రష్యా నుంచి తయారైన పెల్లెట్లు కూడా వచ్చాయి. మిగతాది ఎక్కువగా ఎల్లో కేక్ రూపంలో వస్తుంది, ఇక్కడే బండిల్ అవుతుంది. ముడిసరుకు అందగానే ఎన్ఎఫ్‌సీ ఎంత చేయగలదో తెలిసింది. 2015-16లో భారజల రియాక్టర్ల ఇంధనం 1,500 టన్నులు దాటింది. అంటే అన్నేళ్లూ అడ్డం పడింది మన చేతకానితనం కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన షరతు ఉంది. దిగుమతి యురేనియాన్ని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలో ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. రావత్‌భాట, కాక్రపార్, నరోరా ఆ జాబితాలో ఉన్నాయి. కైగాలోని మొదటి నాలుగు, కల్పాక్కం, తారాపూర్ 3, 4 యూనిట్లు ఆ జాబితాలో లేవు, వాటికి స్వదేశీ యురేనియమే దిక్కు. అందుకని తయారీలో ఈ రెంటినీ మడి వంట లాగా విడివిడిగా ఉంచాలి. ప్రతి కిలోకీ, ప్రతి తుక్కు ముక్కకీ లెక్క చెప్పాలి. కాబట్టి "దిగుమతి దొరుకుతుంటే మన గనులెందుకు" అనేవాళ్లకి జవాబు ఇందులోనే ఉంది. స్వదేశీ యురేనియం లేకపోతే ఆ రియాక్టర్లు ఆగిపోతాయి.

ఇంటి విషయం. రియాక్టర్‌లోకి వెళ్లని సహజ యురేనియం రేడియోధార్మికత చాలా తక్కువ. కొత్త బండిల్‌ని గ్లవ్స్ వేసుకుని చేత్తో పట్టుకోవచ్చు, నేను వందలసార్లు పట్టుకున్నాను. అక్కడ అసలు జాగ్రత్త పొడి విషయంలో. అది పీలిస్తే ఊపిరితిత్తులకీ, ఒంట్లోకి పోతే కిడ్నీలకీ చెరుపు. అందుకే మాస్కులు, గాలి శుద్ధి, మూత్ర పరీక్షలు. అది లోపల పనిచేసేవాళ్ల సంగతి. వాడేసిన బండిల్ ప్రాణాంతకం, నిజమే, కానీ అది హైదరాబాద్ రాదు. ఏ రసాయన కర్మాగారం పక్కనైనా అడిగే ప్రశ్నే ఇక్కడా అడగండి, బోరు నీళ్లు ఎలా ఉన్నాయని. కొనేముందు ఆ ఇంటి బోరు నీళ్లలో నైట్రేట్ పరీక్ష చేయించండి, ఖర్చు పెద్దగా కాదు. రేడియేషన్ భయంతో మాత్రం ఇల్లు మానుకోనక్కర్లేదు.

ఎన్‌రిచ్ చేసిన ఇంధనం గురించి రెండు ముక్కలు. తారాపూర్ 1, 2 యూనిట్లకి యురేనియం మొదట అమెరికా ఇచ్చింది, తర్వాత ఫ్రాన్స్, చైనా, రష్యా. బండిళ్లు మాత్రం హైదరాబాద్‌లో చేస్తారు. కూడంకుళానికి రష్యా నుంచి మొత్తం తయారైన ఇంధనమే వస్తుంది. రేపు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అనుకుంటున్న అమెరికా రియాక్టర్లు వచ్చినా అంతే, ఎన్‌రిచ్ చేసిన యురేనియం కావాలి. 2047కి 100 గిగావాట్లు అని 2025 బడ్జెట్‌లో చెప్పారు, ఇప్పుడున్నది 9 లోపే. అందులో విదేశీ నమూనాలు ఎన్ని కడితే ఇంధనంలో అంత పరాధీనత పెరుగుతుంది. నా ఓటు మన 700 మెగావాట్ల భారజల రియాక్టర్లకే. కాక్రపార్‌లో రెండు నడుస్తున్నాయి, రావత్‌భాటలో ఒకటి 2025లో గ్రిడ్‌కి ఎక్కింది. వాటి 37 గొట్టాల బండిళ్ల కోసం అక్కడే ఏడాదికి 500 టన్నుల కొత్త ఇంధన కర్మాగారం కూడా కడుతున్నారు. థోరియం గురించి ఎలాగూ అడుగుతారు. మన తీరాల్లో బోలెడుంది, భీమిలి ఇసుకలో కూడా ఉంది. కానీ థోరియం తనంతట తాను మండదు. ముందు ఈ యురేనియం దశ, ఆ తర్వాత ప్లుటోనియం దశ దాటాలి.

ఇక మిగిలింది గని. ఈ మొత్తంలో నాకు మనసు పట్టేసే విషయం ఇదే.

కెనడా సిగార్ లేక్ గనిలో ముడి ఖనిజంలో 10 శాతం పైనే యురేనియం ఉంటుంది. మన దగ్గర జాదుగూడ చుట్టుపక్కల, తుమ్మలపల్లెలో ఉన్నది నూటికి 0.04, 0.05 వంతుల దగ్గర. టన్ను రాయి పిండి చేస్తే, శుద్ధిలో పోయింది పోగా చేతికొచ్చేది పావు కిలో, ఆ పైన కాస్త. నేను ముందు చెప్పిన ఒక్క బండిల్ కావాలంటే దాదాపు 50 టన్నుల రాయి తవ్వాలి. పది టన్నుల లారీలు ఐదు. అందులో 13 కిలోలు మా దగ్గరికొస్తుంది, మిగతాదంతా అక్కడే మిగులుతుంది, అందులో రేడియం కూడా ఉంటుంది.

పైగా తుమ్మలపల్లె రాయి సున్నపు జాతిది. యాసిడ్ పోస్తే రాయే యాసిడ్‌ని తాగేస్తుంది. అందుకని హైదరాబాద్ బేగంపేటలో ఉన్న బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఖనిజ శుద్ధి విభాగం వాళ్లు ఏళ్ల తరబడి పరిశోధించి, ఒత్తిడి, వేడి పెట్టి సోడా లవణాలతో యురేనియం లాగే పద్ధతి తయారు చేశారు. అది నిజంగా గొప్ప పని. 2011లో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ గారు అక్కడ 49,000 టన్నులు ధ్రువపడ్డాయని, ఇది 1.5 లక్షల టన్నుల దాకా పోవచ్చని చెప్పారు. మా అందరికీ అది పండగ లాంటి వార్త.

ఆ తర్వాత తుమ్మలపల్లె ఉన్న వేముల మండలంలో టెయిలింగ్ పాండ్, అంటే యురేనియం తీశాక మిగిలిన వ్యర్థాన్ని నిలవుంచే చెరువు, చుట్టుపక్కల రైతులు బోర్లలో నీళ్లు మారాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. గని నడిపే సంస్థ తమ వల్ల కాదంది. విషయం కాలుష్య నియంత్రణ మండలి దాకా వెళ్లింది. నల్లమలలో యురేనియం కోసం సర్వే అనగానే ఎంత వ్యతిరేకత వచ్చిందో చూశారు, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అంతకు ముందు నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు విషయంలోనూ ఇదే జరిగింది, అది నాగార్జునసాగర్ పక్కనే మరి. దీన్ని అభివృద్ధికి అడ్డం అనే నా స్నేహితులు ఉన్నారు. నేను అనను. తాగే నీళ్ల గురించి అడగడం తప్పెలా అవుతుంది? ఆ రైతుకి అర్థమయ్యే భాషలో జవాబు రాలేదు, అందుకని భయపడ్డాడు.

మేము పంపే ప్రతి బండిల్ మీద ఒక నంబరు ఉంటుంది. అందులోని పెల్లెట్లు ఏ లాట్‌వి, గొట్టం ఏ కడ్డీ నుంచి వచ్చింది, ఏ వెల్డింగ్ ఎవరు చూశారు, ఏళ్ల తర్వాత అడిగినా కాగితం తీసి చూపిస్తాం. పాండ్ చుట్టూ ఉన్న ప్రతి బావికీ, బోరుకీ అలాగే ఒక నంబరు ఇవ్వాలి. గనితో సంబంధం లేని ల్యాబ్‌తో మూడు నెలలకోసారి యురేనియం, సోడియం, సల్ఫేట్ పరీక్ష చేయించి, ఫలితం తెలుగులో, పాత అంకె పక్కన కొత్త అంకె వేసి, తుమ్మలపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె పంచాయతీ ఆఫీసుల గోడ మీద అంటించాలి. అంకె పెరిగితే ఆ నెలలోనే మంచినీళ్లు తెప్పించి, పాండ్ అడుగు సరిచేయాలి. ఒక బండిల్‌కి చేస్తున్న పనే ఇది, అంతకన్నా కష్టమేమీ కాదు.